మూడు బీపుల మౌనం

“మళ్ళీ పెట్టనా?”

“వద్దు ఆంటీ! మీకు దణ్ణం పెడతాను, వద్దు!”

పిల్ల రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. అయినా జల్లెడ వేలు ఆగలేదు. ఫోన్‌లోంచి ఒక ఆడపిల్ల గొంతు, ఏడుపు దిగమింగుకుంటూ, ఎవరో తనకి పంపిన మెసేజ్‌ని చదివి వినిపించింది.

“‘ఏమే బఫరింగ్! నీకు నోరెందుకే? స్టేజి ఎక్కుతావటగా, ఎక్కు. నీ మొదటి మాట పూర్తయ్యేలోపు మేమంతా ఇంటికెళ్ళి, ఓ నిద్ర తీసి వచ్చేస్తాం.’”

అంతే. క్లిప్ అయిపోయింది. పిల్ల మంచం మూలకి ఒదిగి వెక్కిళ్ళు పెట్టింది.

జల్లెడ అంటే ఆవిడ అసలు పేరేం కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు డిపార్ట్‌మెంట్ తగిలించిన పేరు. ఎంత చెత్త తెచ్చి ముందు పోసినా, ఊపి ఊపి అందులో పనికొచ్చే ముక్క ఒక్కటి పట్టుకుంటుందని. ఉద్యోగానికి రాజీనామా కొట్టి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నా, ఆ పేరు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు.

ఈ ఇల్లు ఒక సినిమా దర్శకుడిది. భార్య రచయిత్రి. మంచం మీద ఏడుస్తున్నది వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, పద్నాలుగేళ్ళది. ముగ్గురూ కలిసి ఒక సినిమా తీశారు. పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని చూడాల్సిన కుటుంబ చిత్రమని పేపర్లన్నీ రాశాయి. నత్తి ఉన్న ఒక స్కూలు పిల్లని తోటిపిల్లలు ఫోన్ మెసేజ్‌లతో ఎలా కాల్చుకుతింటారన్నది కథ. రాసింది తల్లి, తీసింది తండ్రి, ఆ నత్తిపిల్ల వేషం వేసింది కూతురు. సినిమాలో ఆ పిల్లకి ఐదు మెసేజ్‌లు వస్తాయి. ఐదోది స్టేజి మీద నిలబడ్డప్పుడు హాల్లో ఉన్న ప్రతి ఫోనుకీ ఒక్కసారే వస్తుంది. అందరూ నవ్వుతారు. పిల్ల నోరు పడిపోతుంది.

ఇప్పుడు ఎవరో అవే మెసేజ్‌లు, అదే వరసలో, సినిమాలో హీరోయిన్ చదివిన గొంతుతోనే ఈ పిల్లకి పంపుతున్నారు. నాలుగు వచ్చాయి. ఐదోది మిగిలింది. ఇవాళ సాయంత్రం ఆరింటికి పిల్ల చదివే స్కూలు ఆడిటోరియంలోనే మొదటి ఆట. ఆటకి ముందు స్టేజి ఎక్కి మాట్లాడాల్సింది కూడా ఈ పిల్లే. గడియారం మూడు దాటింది.

“అమ్మా, రచయిత్రిగారూ,” అంది జల్లెడ, తలుపు దగ్గర నిలబడ్డ తల్లి వైపు తిరిగి. “మీ సినిమా నిన్న నాకు చూపించారు. అందులో ఆ పిల్లని ఏడిపించడానికి ఏమని పిలుస్తారు?”

“నెట్‌వర్క్ అని.”

“ఇందులో?”

తల్లి నీళ్ళు నమిలింది. “బఫరింగ్ అంటున్నట్టుంది.”

“అంటున్నట్టుంది కాదు, అంది. మిగతాదంతా అక్షరం పొల్లుపోకుండా మీ డైలాగే. ఆ ఒక్క మాటే మారింది. మీరు రాసిన కాగితాల్లో ఎప్పుడైనా బఫరింగ్ అని రాసి కొట్టేశారా?”

“లేదు,” అంది తల్లి. మరీ తొందరగా అంది. మంచం మీద పిల్ల చటుక్కున తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. జల్లెడకి ఆ చూపు చాలు.

“ఎవరమ్మా బఫరింగ్?” అంది జల్లెడ, పిల్ల పక్కన కూర్చుంటూ.

పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంది.

“నీకు పంపుతున్నవాడికి ఆ పేరు తెలుసు. నీకూ తెలుసు. నాకొక్కదానికే తెలీదు. సాయంత్రం నువ్వు స్టేజి ఎక్కాక తెలిస్తే నేనేం చెయ్యలేను తల్లీ.”

“మా క్లాసమ్మాయి,” అంది పిల్ల చివరికి, దుప్పటి అంచు నలుపుతూ. “పోయినేడు. నత్తి ఉండేది. మేం ఊరికే, సరదాకి...”

“మేమంటే?”

పిల్ల దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది.

“నేనే,” అంది పిల్ల. “వేరే పేరుతో అకౌంట్ పెట్టి దానికొక్కదానికే పంపేదాన్ని. అది చూడగానే డిలీట్ చేసేసేదాన్ని. ఐదోది మాత్రం అది స్టేజి ఎక్కగానే అందరికీ పంపాను.”

జల్లెడకి చెయ్యి ఎత్తకుండా ఉండటానికి ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. తల్లి గోడకి ఆనుకుని, తల వంచుకుని, తనంతట తనే చెప్పడం మొదలెట్టింది.

“దీని ఫోన్‌లో ఆ మెసేజ్‌ల ఫొటోలు దాచుకుంటే నా కంటపడ్డాయి. ఆ రోజు రెండు చెంపలూ వాయించాను. తర్వాత నాకు నిద్ర పట్టలేదు. తర్వాత...”

“తర్వాత కథ రాశారు.”

“ఆ పేరొక్కటే మార్చాను. ఎవరైనా గుర్తుపడతారేమోనని. ఆ వేషం దీనిచేతే వేయిస్తే ఆ బాధేంటో దీనికి తెలుస్తుందనుకున్నాను.”

“ఆ పిల్ల ఇంటికి వెళ్ళి ఒక్క మాట చెప్పారా?”

“సినిమాయే మా క్షమాపణ అనుకున్నాం.”

“క్షమాపణకి పోస్టర్లు వేస్తారని నాకు ఇవాళే తెలిసిందమ్మా! ఆ పిల్ల ఎలా ఉంది ఇప్పుడు?”

“స్కూలు మానేసింది. మాటలు కూడా మానేసిందని విన్నాం.”

“విన్నారు. చూశారా?”

“లేదు.”

జల్లెడ లేచింది. ఇంకో రెండు నిమిషాలు ఆ గదిలో ఉంటే తీసుకున్న కేసు వదిలేస్తానని ఆవిడకి అనిపించింది. కానీ మంచం మీద ఉన్నది కూడా పిల్లే. ఆరు గంటలకి అదీ స్టేజి మీద నిలబడాలి. నిండు హాల్లో ఒక పిల్ల నోరు పడిపోవడం ఒకసారి జరిగింది, రెండోసారి తను చూస్తూ ఊరుకోదు.

“ఒక్క సంగతి చెప్పండి. ఈ గొంతు మీ అమ్మాయిది కాదుగా?”

“కాదు. దీనిది కీచుగా ఉందని వేరేవాళ్ళతో చెప్పించాం. చిన్నపిల్లలకి డబ్బింగ్ చెప్పే పెద్దావిడ ఒకామె ఉంది. స్టూడియోలో అందరూ చిలక అంటారు. కళ్ళు మూసుకుంటే పన్నెండేళ్ళ పిల్ల మాట్లాడినట్టే ఉంటుంది.”

జల్లెడ మెట్లు దిగేసరికి హాల్లో సోఫా నిండా కూర్చుని ఉన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆవిడ సొంత అక్క మొగుడు. ఆవిడ ఉద్యోగం మానెయ్యడానికి సగం కారణం కూడా ఆయనే.

“రా మరదలా, రా! ఆలస్యంగా వచ్చావు. దొంగ దొరికేశాడు.”

“ఎవరు బావా?”

“సౌండ్ ఇంజనీరు. టైటిల్స్‌లో పేరు వెయ్యలేదని పోయిన వారం దర్శకుడితో చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళాడు. సినిమాలో గొంతులన్నీ ఉండేది వాడి కంప్యూటర్లో. కోసి పంపుతున్నాడు. గంట క్రితమే లోపలేశాను.”

“సినిమాలో లేని మాటని ఏ కత్తెరతో కోశాడట?”

బావ మొహం చిట్లించాడు. జల్లెడ ఫోన్ తీసి క్లిప్ పెట్టింది, సరిగ్గా ‘బఫరింగ్’ దగ్గర ఆపింది.

“ఈ మాట సినిమాలో లేదు. ఇంకోటి విను. మాటలకి ముందు ఎంతసేపు ఊరుకుందో చూడు. నాలుగు క్లిప్‌లూ అంతే. ఆ తర్వాత ఊపిరి పీల్చిన చప్పుడు, అదీ పక్క నించి, మొహం అటు తిప్పినట్టు. కోసిన ముక్క కాదిది. ఎవరో కూర్చుని కొత్తగా చెప్పారు.”

“ఊపిర్లు లెక్కపెట్టుకుంటూ కూర్చో నువ్వు. అందుకే పదేళ్ళయినా ప్రమోషన్ రాలేదు నీకు.”

“వచ్చేదే. నా కేసు నీ పేరున రాసుకుని మెడల్ తగిలించుకోకపోతే.”

“ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నావా? సరే, విను. లోపల వీడున్నాడు, బయట వీడి మనిషి ఎవడో ఉన్నాడనుకుందాం. సాయంత్రం హాల్లో నా వాళ్ళు మఫ్టీలో ఉంటారు. ఐదో మెసేజ్ మోగడం ఆలస్యం, ఎవడి చేతిలో ఫోన్ వెలిగితే వాణ్ణి జుట్టు పట్టుకుని స్టేజి మీదకి ఈడ్చుకొస్తాను. టీవీవాళ్ళందరికీ చెప్పేశాను.”

“బావా, పిల్లలతో నిండిన హాలు అది! ఎవరో ఏమిటో తెలీకుండా కెమెరాల ముందు ఈడవకు. ఇందులో ఇంకో కథ ఉంది. నాకు రెండు గంటలు టైమివ్వు.”

“నీకు రెండు గంటలిస్తే నువ్వు టీవీలో కనపడతావు, నేను కుర్చీలు సర్దుకుంటాను. అదేగా నీ ఎత్తు?”

“అక్క నిన్నెలా భరిస్తోందో!”

“అడిగి చూడు, అది కూడా నా పక్షమే.”

“ఇంక నాకు ఫోన్ చెయ్యకు. చచ్చినా చెయ్యకు.”

“నువ్వు చేసినా ఎత్తితే ఒట్టు!” అన్నాడు బావ హాయిగా నవ్వుతూ.

డబ్బింగ్ థియేటర్ ఒక పాత భవనం వెనకాల ఉంది. జల్లెడ లోపలికి వెళ్ళేసరికి నాలుగున్నర. ఇంజనీరుని విడిపించడానికి స్టూడియోవాళ్ళంతా స్టేషనుకి పరిగెత్తినట్టున్నారు, ముందుగదిలో పురుగు లేదు. కంప్యూటర్లు మాత్రం వెలుగుతున్నాయి. మనిషిని ఎత్తుకుపోయి మిషన్‌ని వదిలేశాడు బావ. ఆయన పద్ధతే అంత.

ఇంజనీరు కూర్చునే గదికీ మైకు ఉన్న గదికీ మధ్య మందపాటి అద్దం. మైకుగదికి ఒకటి కాదు, రెండు తలుపులు, ఒకదాని వెనక ఒకటి, ఒక్కోటి బీరువా తలుపంత బరువు. ఖరీదైన మైకులు పోతాయన్న భయంతో బయటవైపు పెద్ద గొళ్ళెం కూడా పెట్టించారు. లోపల గోడలకి, తలుపులకి, కప్పుకి కూడా నల్లటి స్పాంజి. మధ్యలో మైకు, ఎదురుగా తెర.

మైకు పక్కన కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. మైకులో చప్పుడు పడకుండా గాజులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇంజనీరుగారు వచ్చేశారా?” అంది. గొంతు విని జల్లెడ ఒక్కక్షణం తబ్బిబ్బయింది. మనిషి పెద్దావిడ, గొంతు మాత్రం పరికిణీ కట్టుకుంది.

“లేదమ్మా. నేను ఆ స్కూలు సినిమా గొడవ గురించి వచ్చాను. చిలక మీరేగా?”

“నేనే. ఇవాళ ఉడుతకి చెప్తున్నాను, కార్టూన్‌లో. సగంలో పోలీసులొచ్చి ఆయన్ని పట్టుకుపోయారు. పాపం, మంచివాడండీ.”

జల్లెడ మాట్లాడుతూనే గదంతా చుట్టి చూసింది. మూలన ఎత్తు తక్కువ స్టూలు ఒకటి, దానిమీద అణిగిపోయిన దిండు. స్టూలు పక్కన గోడ స్పాంజిని ఎవరో వేళ్ళతో గిల్లి గిల్లి, అరచేయంత మేర గుంట చేసేశారు. పెద్దవాళ్ళు కూర్చుంటే ఆ గుంట మోకాలి దగ్గరికొస్తుంది. పిల్లలైతే చేతికి అందుతుంది.

“డబ్బింగ్ ఎలా చెప్తారో ఒకసారి చూపిస్తారా? ఆ సినిమాలో సీనే పెట్టండి.”

చిలక బయటికెళ్ళి మీట నొక్కి వచ్చి కూర్చుంది. తెర మీద దర్శకుడి కూతురు స్టేజి ఎక్కి నిలబడింది. స్పీకర్‌లో బీప్, బీప్, బీప్. నాలుగోది రావాల్సిన చోట తెర మీద పిల్ల నోరు తెరిచింది, చిలక నోరూ తెరుచుకుంది. చెప్పేముందు మొహం పక్కకి తిప్పి ఊపిరి తీసుకుంది.

“మూడు బీపులు లెక్కపెట్టుకుని మొదలెట్టాలి. ఊపిరి మైకులో పడకూడదు, అందుకని తల తిప్పుతాం. ఇరవయ్యేళ్ళ అలవాటండీ, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కూడా తిప్పేస్తాను, మా ఇంట్లో నవ్వుతారు,” అంది. ఆఖరి మాట దగ్గర ఎందుకో ఆగిపోయింది.

ఆ సీను మళ్ళీ మళ్ళీ తిరిగేలా పెట్టి వచ్చినట్టుంది. తెర మీద పిల్ల మళ్ళీ స్టేజి ఎక్కింది. జల్లెడ ఫోన్ తీసింది.

“ఇది వినండి. ముందు మౌనం. లెక్కపెట్టండి, మీ మూడు బీపులంత. తర్వాత తల తిప్పి తీసిన ఊపిరి. తర్వాత మీ గొంతు. ఆ ఐదు మెసేజ్‌లు వచ్చింది మీ అమ్మాయికేగా అమ్మా?”

చిలక మొహంలో రంగు మారింది. కానీ భయపడలేదు. అబద్ధం కూడా ఆడలేదు.

“డబ్బింగ్ రోజునే తెలిసింది,” అంది నెమ్మదిగా. “మొదటి మెసేజ్ తెర మీద పడగానే తెలిసింది. నా పిల్ల ఒక్కసారి, ఒక్కసారే, కాగితం మీద రాసి చూపించింది నాకు. పంపింది ఎవరో తెలీదు. ఆ మొదటి నాలుగూ పంపినవాళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. అవి సినిమాలోకి ఎలా వచ్చాయి? ఆ ఇంట్లోంచే వచ్చాయి! నా కడుపు కాల్చినవాళ్ళ పిల్లకి నేను ఏడ్చిపెట్టాను. మూడు రోజులు, ఈ మైకు ముందు, నా పిల్ల ఏడవాల్సిన ఏడుపు దాని నోట్లో పోశాను. అద్దం అవతల వాళ్ళు ‘అద్భుతం’ అని చప్పట్లు కొట్టారు. గొంతు పిసికేద్దామనిపించింది.”

“అందుకని ఇవి పంపారు.”

“నేనా? ఇవేంటో నాకు తెలీదు. పెట్టండి.”

జల్లెడ పెట్టింది. చిలక విసుగ్గా తల పక్కకి వాల్చి వినడం మొదలెట్టింది. సగంలో ఆవిడ చటుక్కున ముందుకి వంగింది. ఒళ్ళోని గాజులు జారి కింద పడ్డాయి, తీసుకోలేదు.

“మళ్ళీ పెట్టండి.”

పెట్టింది.

“ఇంకొక్కసారి. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంకొక్కసారి!”

మూడోసారి వింటూ ఆవిడ జల్లెడ చేతిలోంచి ఫోన్ లాక్కుని చెంపకి ఆనించుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి.

“ఇది నా గొంతు కాదు. ‘స్టేజి’ అన్నప్పుడు నేను ‘టే’ని ఇలా మింగను. ఇది నా పిల్లండీ! నా తల్లి మాట్లాడింది! ఏడాదయింది దాని నోటివెంట ‘అమ్మ’ అన్న మాట విని. చూశారా, నత్తి లేదు! నా గొంతు అరువు తెచ్చుకుంటే దానికి నత్తి రాలేదు!”

జల్లెడ మెల్లిగా మూల స్టూలు వైపు చూసింది. “రోజూ మీతో వచ్చి అక్కడ కూర్చునేది.”

“ఇంట్లో ఒంటరిగా ఉండదు. పనికి నాతోనే తెచ్చుకునేదాన్ని. ఎవరూ పట్టించుకోలేదు, ఎవరో పిల్లనుకున్నారు. నేను చెప్తుంటే గోడ గిల్లుకుంటూ పెదాలు కదిపేది. నాకు తట్టలేదండీ, నాకు తట్టనేలేదు.”

“ఇవాళ ఎక్కడ?”

చిలక కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళల్లో సంతోషం కింద ఇంకేదో కదిలింది.

“మొదటి ఆటకి స్టూడియోవాళ్ళకి పాసులిచ్చారు. నాది కావాలని మధ్యాహ్నం సైగ చేసింది. అది అడగడమే గొప్పని ఇచ్చి పంపాను.”

జల్లెడకి అర్థమైంది. ఐదో మెసేజ్ రికార్డు చేసి పంపేదే అయితే పాసుతో పనేముంది? ఆ పిల్ల హాల్లోనే ఉంది, నోరు తెరవబోతోంది. జల్లెడ ఫోన్ వెనక్కి తీసుకుని చూసింది. సిగ్నల్ లేదు.

“ఈ గదిలో ఎవరికీ రాదు,” అంది చిలక లేస్తూ. “నా ఫోన్ బయట ఉంది. ఉండండి, పిల్లకి చేసి వస్తాను.”

ఆవిడ మొదటి తలుపు దాటింది. రెండో తలుపు దాటింది. గొళ్ళెం పడ్డ చప్పుడు కూడా లోపలికి రాలేదు. తలుపు తోసి చూశాకే జల్లెడకి తెలిసింది.

అద్దం అవతల చిలక నిలబడి ఉంది. వంగి ఒక మీట నొక్కింది. స్పీకర్‌లోంచి ఆవిడ గొంతు వచ్చింది, ఈసారి చిన్నపిల్ల గొంతు కాదు, తల్లి గొంతు.

“ఏమనుకోకండమ్మా. మీరు మంచివాళ్ళే. కానీ మీరు వెళ్తే దాన్ని ఆపేస్తారు. ఏడాదిగా నా పిల్ల లోపల్లోపల అరుస్తుంటే ఒక్కరికీ వినపడలేదు. మీరు ఓ గంట అరవండి. ఈ గది చాలా మంచిది, ఒక్క ముక్క బయటికి పోదు. ఇవాళ నా పిల్ల మాట్లాడుతుంది. ఆ పిల్ల వింటుంది. హాలంతా వింటుంది!”

“చిలకమ్మా, ఆగు!” జల్లెడ రెండు చేతులతో అద్దాన్ని బాదింది. “అక్కడ పోలీసులున్నారు! మా బావ కాచుకుని ఉన్నాడు! నోరు తెరిచినవాళ్ళని జుట్టు పట్టి ఈడుస్తాడు, కెమెరాలున్నాయి! అది ఈ జన్మకి మళ్ళీ మాట్లాడదు, విను నా మాట!”

అద్దం అవతల చిలక చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడట్లేదని తల అడ్డంగా ఊపింది. లోపలి మైకు మీట ఆవిడ ముందే దించేసింది. సంచీ భుజాన వేసుకుంది. కూతురి గొంతు వినడానికి వెళ్ళే తల్లి నడిచినట్టు, దాదాపు పరిగెడుతూ వెళ్ళిపోయింది.

గడియారం ఐదుంపావు చూపిస్తోంది. వెనకాల తెర మీద దర్శకుడి కూతురు మళ్ళీ స్టేజి ఎక్కి నిలబడింది.

బీప్. బీప్. బీప్.

జల్లెడ గొంతు చించుకుని అరిచింది.